జూదం – మన ఇళ్ళు – చర్చి బాధ్యత

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పెద్దపల్లిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17న మనం కలుసుకుంటాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. పెన్షన్ అంటే సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, మనం చేసిన సేవకు మనకు రావలసిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు డి.ఆర్. బకాయిల గూర్చి, హెల్త్ కార్డుల గూర్చి వివరంగా చెప్పారు. అదంతా మనకు రావలసిన డబ్బు సంగతి. నన్ను మాట్లాడమన్నది, వచ్చిన డబ్బు ఇంట్లో నుండి ఎట్లా వెళ్ళిపోతున్నది అన్న సంగతి.

గడచిన కొన్నేండ్లలో మన సభ్యుల ఇళ్ళలోనే కొన్నింట గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము సెల్‌ఫోన్ జూదంలో పోయింది. ఎవరి పేరూ చెప్పను. అందులో మా ఇల్లు ఒకటి. దాని సంగతి మాత్రం దాచకుండా చెప్పుకుంటాను.

"మీరు చాలాకాలం చర్చి పెద్దగా ఉన్నారు గదా, జూదం గూర్చి క్రైస్తవులు ఏమంటారో, ఏం చేస్తారో చెప్పండి" అన్నారు అధ్యక్షుల వారు. మత ప్రచారం కోసం నేను నిలబడలేదు. ఇక్కడ అన్ని మతాల వారమున్నాం. ధర్మరాజు పాచికలాట తెలియని ఇల్లు మన దగ్గర లేదు. ఋగ్వేదంలోనే జూదరి గోస మీద ఒక సూక్తమున్నది. ఖురాను మద్యాన్నీ జూదాన్నీ ఒకే చోట చేర్చి నిషేధించింది. ఈ విషయంలో పెద్దలందరి మాటా ఒక్కటే. నేను నా ఇంటి వైపు నుండి చెబుతాను, మీరు మీ ఇంటికి అన్వయించుకోండి.

ముందుగా మన ప్రాంతం సంగతి. నేను ఎల్.డి.సి.గా నౌకరీలో చేరింది 1974లో. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా ఆ ఏడాదిదే. అంతకు ముందు మన తెలంగాణలో 1305 ఫసలీ నాటి హైదరాబాద్ జూద నిషేధ చట్టం నడిచేది. ఆ పాత చట్టం కింద సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట, మూడు ముక్కలాట వంటిది కాదని 1967లో కోర్టు చెప్పింది. అయితే ఆ ఆట మీద క్లబ్బు లాభం చేసుకుంటే అది నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో ఉన్నది. మన వాళ్ళు మొదటి సగమే జ్ఞాపకం పెట్టుకున్నారు.

నా నౌకరీ రోజుల్లో దీపావళి వచ్చిందంటే పత్తాలు బయటికి వచ్చేవి. మూడు ముక్కలాట, అందర్-బాహర్ రాత్రంతా నడిచేవి. బొంబాయిలో న్యూయార్కు పత్తి ధరల అంకెల మీద మొదలైన మట్కా మన రైల్వే స్టేషను బజారు దాకా చీటీల రూపంలో వచ్చింది. బస్టాండులో లాటరీ టికెట్లు అమ్మేవారు. ఒక్క అంకె మీద నడిచే లాటరీలను 1998 నాటి కేంద్ర చట్టం నిషేధించే లోపల ఎందరో కూలీలు దినాం కష్టాన్ని అక్కడ పోసి ఇంటికి ఉత్త చేతులతో పోయారు. ఇప్పుడు బజారుకు పోవలసిన పని లేదు. జేబులో ఫోను చాలు. క్రికెట్ మ్యాచిలో బంతి బంతికీ పందెం పెట్టవచ్చు, అదీ తలుపు వేసుకొని, పక్కన పడుకున్న భార్యకు తెలియకుండా.

నేను బిల్లుల గుమాస్తాను. అందుకని ఒక చిన్న లెక్క చెబుతాను. పదిమంది తలా వెయ్యి తెచ్చుకొని కూర్చున్నారనుకోండి, మొత్తం పదివేలు. ఆట ఆటకూ ఆ మొత్తం మీద నూటికి 5 రూపాయలు నడిపేవాడు కోసుకుంటాడనుకోండి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది పక్కన పెట్టండి. ఇరవై ఆటలు అయ్యేసరికి ఆ పదిమంది దగ్గర కలిపి మిగిలేది 3,600 రూపాయల లోపే. తక్కినదంతా నడిపేవాడి పెట్టెలోకి పోతుంది. ఆ ఒకరిద్దరు గెలిచిన డబ్బయినా ఎక్కడిది? పక్కవాడి ఇంటి బియ్యం డబ్బు, పిల్లల ఫీజు డబ్బు.

ఇక క్రైస్తవుల మాట. బైబిలులో "జూదమాడకుము" అని విడిగా ఒక ఆజ్ఞ లేదు. చీట్లు వేయడం ఉన్నది. యూదా ఇస్కరియోతు స్థానంలో మత్తీయను ఎన్నుకున్నది చీట్లు వేసే. కాని మా మనసులో నాటుకుపోయిన చీట్లు వేరు. యేసు ప్రభువును సిలువ వేసిన తర్వాత, ఆయన ఇంకా ప్రాణంతో బాధపడుతుండగానే, కింద కూర్చున్న సైనికులు ఆయన బట్టల కోసం చీట్లు వేసుకున్నారు. పైన ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు, వీళ్ళకు ఆయన అంగీ ఎవరికి వస్తుందన్నదే ధ్యాస. జూదం మనిషిని ఎట్లా చేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

స్పెయిను దేశంలో ఎల్విరా అనే చోట క్రీ.శ. 305 ప్రాంతంలో బిషప్పులు సభ చేసి కొన్ని నియమాలు రాశారు. అందులో 79వ నియమం జూదం మీదనే. డబ్బు పెట్టి పాచికలాడే విశ్వాసిని ప్రభు బల్ల నుండి దూరంగా ఉంచాలి. అతడు మానుకొని సరిదిద్దుకుంటే, ఏడాది తర్వాత తిరిగి చేర్చుకోవాలి. ఈ నియమంలో రెండు సగాలున్నాయి. దయచేసి రెండోదాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ పేరు మన జిల్లాలకు కొత్త కాదు. 19వ శతాబ్దం చివర సికింద్రాబాదు నుండి మెదక్, కరీంనగర్ల వైపు వచ్చిన మిషనరీలు ఆయన శాఖ వారే. కరీంనగర్‌లోని సి.ఎస్.ఐ. కెథడ్రల్ ఈనాటికీ వెస్లీ పేరు మీదనే ఉన్నది. డబ్బు వాడకం గూర్చి 1760లో అచ్చయిన ప్రసంగంలో ఆయన సంపాదన తప్పనలేదు, బాగా సంపాదించమన్నాడు. అయితే పొరుగువాని ఆస్తికి నష్టం చేసి సంపాదించకూడదన్నాడు. జూదాన్ని ఆయన పెట్టిన చోటు చూడండి. అన్యాయపు వడ్డీ, పెంచి రాసిన బిల్లులు, జూదం, ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టాడు. మూడూ పక్కవాని భూమినీ ఇంటినీ మింగేవే. రెవెన్యూ కచేరిలో తాకట్టు భూముల కాగితాలు చూసిన నాకు ఆ మాట వెంటనే అర్థమయింది.

కతోలికుల మాట కొంచెం వేరు. 1992లో వెలువడిన వారి సత్యోపదేశ గ్రంథం ఆటనూ పందెమునూ వాటంతట అవే అన్యాయమనలేదు. తనకు, తన మీద ఆధారపడిన వారికి బతుకుదెరువుకు కావలసిన దాన్ని అది లాక్కుంటే మాత్రం తప్పే అన్నది. ఆ వ్యసనం మనిషిని బానిసను చేస్తుందని హెచ్చరించింది. మా వంటి సంఘాల్లో చాలామంది అసలే వద్దంటారు. దారులు వేరయినా అందరూ చివరకు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంట్లో వాళ్ళ నోటి కాడి ముద్ద ఏమైంది?

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 1988లో నేను మా చర్చి కమిటీకి కార్యదర్శిని. ఏ చర్చి అన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ దీపావళికి పోలీసులు ఒక పత్తాల శిబిరం మీద పడ్డారు. దొరికిన వారిలో మా చర్చి సభ్యుడు ఒకాయన ఉన్నాడు. రైసు మిల్లులో లెక్కలు రాసేవాడు, మంచి గాత్రం, పాటలు ఎత్తుకునేది ఆయనే. ఆదివారం కమిటీ కూర్చున్నది. ఆయనను కఠినంగా చూడాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది నేను. ఆరు నెలలు ప్రభు బల్లకు రాకూడదని, పాటలు పాడకూడదని తీర్మానం నా చేతిరాతతోనే రాశాను. ఆయన చేతులు కట్టుకొని నిలబడి "సరే అయ్యగారూ" అన్నాడు. అంతే.

ఆరు నెలలు గడిచాయి. ఆయన రాలేదు. ఏడాది గడిచింది. ఆయన భార్య మాత్రం ఒక్కతే వచ్చి వెనుక చాప మీద కూర్చొని పోయేది. "ఆయనకు బుద్ధి రాలేదు" అనుకున్నాం. 1996లో ఆయన పోయాడు. సమాధుల తోట నుండి తిరిగి వస్తుంటే ఆ తల్లి నాతో అన్న మాట ఇది:

"సారూ, ఆర్నెల్లు నిండిన ఆదివారం నాడు ఉతికిన బట్టలేసుకొని వచ్చిండు. గేటు కాడ యాపచెట్టు కింద నిలవడ్డడు. ఎవరన్న రమ్మంటరేమో అని సూసిండు. గుడి అయిపోయేదాన్క నిలవడ్డడు. ఎవ్వలు పిలువలే. ఇంటికొచ్చి మల్ల ఆ మాట ఎత్తలే. పత్తాలు గూడ మల్ల ముట్టలే."

మిత్రులారా, ఆఫీసులో జవాబు రాని ప్రతి కాగితానికీ రిమైండరు రాసిన మనిషిని నేను. ఒకటో రిమైండరు, రెండో రిమైండరు, డి.ఓ. లెటరు. కాని ఆ మనిషి విషయంలో ఆరు నెలల గడువు రాశాను గాని, గడువు తీరిన రోజున ఇంటికి పోయి పిలవాలని ఎక్కడా రాసుకోలేదు. ఎల్విరా నియమంలో మొదటి సగం మా కమిటీ అమలు చేసింది, రెండో సగం వదిలేసింది. ఆ నియమం గూర్చి అప్పుడు నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి దూరం నుండి చూసి పరుగెత్తుకుని పోయాడని మాత్రం చిన్నప్పటి నుండి తెలుసు.

ఇక మా ఇంటి సంగతి. 2023 వేసవిలో ఐ.పి.ఎల్. ఆటలు జరుగుతున్న రోజులు. మా బిడ్డ కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాడు. నా ఫోనులో బ్యాంకు పనులన్నీ వాడే చేసి పెట్టేవాడు, నెంబర్లన్నీ వాడికి తెలుసు. ఒకరోజు బ్యాంకుకు పోయి పాసుబుక్కు రాయిస్తే 2,80,000 రూపాయలు తక్కువున్నాయి. ఇల్లు మరమ్మతుకని పెట్టుకున్న సొమ్ము. వాడిని పిలిపిస్తే మొదట అబద్ధమాడాడు, తర్వాత ఏడ్చాడు. బయట అప్పులు ఇంకా ఉన్నాయన్నాడు. మన రాష్ట్రం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధం కిందికి తెచ్చింది. అయినా వాడి ఫోనులో మూడు రకాల బెట్టింగ్ యాప్‌లు ఉన్నాయి.

నేను కోపం పట్టలేక "నా గడప తొక్కకు" అన్నాను. వాడు చెప్పులేసుకుంటున్నాడు. అప్పుడు నా భార్య వంటింట్లో నుండి వచ్చి ఒకే మాటన్నది: "గప్పుడు గా పాటలాయన్ని గిట్లనే తోలిన్రు. ఇప్పుడు వీన్ని గూడ తోల్తరా?"

నేను కూర్చుండిపోయాను. వాడిని కూర్చోమన్నాను.

ఆ సాయంత్రం మా పాస్టరు గారిని పిలిచాం. చిన్న వయసు వాడు. వాక్యం చెబుతాడనుకున్నాను. ఆయన ఒక తెల్లకాగితం అడిగి, "తమ్మీ, ఎవరెవరికి ఎంతెంత ఇయ్యాల్నో అన్నీ రాయి, ఒక్కటి గూడ దాచకు" అన్నాడు. మూడు గంటలు కూర్చున్నాం. నా డబ్బు కాక బయట అప్పే 4,15,000 తేలింది. ఫోటోలు పంపి పరువు తీస్తామని బెదిరిస్తున్న అప్పుల యాప్‌ల మీద పోలీసుల సైబర్ నెంబరు 1930కి ఫిర్యాదు చేశాం. తక్కినవి నెలనెలా తీర్చేటట్లు పట్టిక వేశాం. వాడి ఒప్పుదలతోనే జీతం ఏడాది పాటు తల్లి ఖాతాలో పడేటట్లు చేశాం. కరీంనగర్‌లో మానసిక వైద్యునికి చూపించాం. "ఇది ఒట్టి చెడ్డ బుద్ధి కాదు, జబ్బు" అన్నాడు డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో కూడా జూద వ్యసనానికి చోటున్నది. ప్రతి ఆదివారం రాత్రి పాస్టరు గారు వాడికి ఫోను చేసేవారు. ప్రార్థన రెండు నిమిషాలు, "ఈ వారం ఎట్లున్నది" అన్న ముచ్చట ఇరవై నిమిషాలు.

అంతా సుఖాంతమని చెప్పను. 2024 జూన్‌లో టి-20 ప్రపంచకప్పు సమయంలో వాడు మళ్ళీ జారాడు. 6,000 పోగొట్టుకున్నాడు. కాని ఈసారి మేం పట్టుకోలేదు, వాడే ఫోను చేసి "తాతా, మల్ల తప్పు చేసిన" అన్నాడు. అప్పు ఇంకా తీరుతూనే ఉన్నది. నా ఇంటికి సున్నం ఇంకా పడలేదు. మనవడు మాత్రం పండుగలకు ఇంటికి వస్తున్నాడు.

లోకంలో క్రైస్తవులు ఇంకేం చేస్తున్నారో కూడా రెండు మాటల్లో చెబుతాను. అమెరికాలో 1935లో తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం మొదలయింది. దానికి ప్రేరణ ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమం నుండి వచ్చింది. అదే పద్ధతిలో 1957లో లాస్ ఏంజిలిస్‌లో జూదరులు తమ సంఘం పెట్టుకున్నారు. పేర్లు బయటపెట్టరు, మతం అడగరు, వారానికోసారి కూర్చొని ఉన్నదున్నట్లు చెప్పుకుంటారు. ఇంగ్లండులో వీధి దుకాణాల బెట్టింగ్ యంత్రాల మీద ఒక్కసారికి 100 పౌండ్ల దాకా పెట్టే వీలుండేది. దాన్ని తగ్గించాలని అడిగిన వారిలో అక్కడి బిషప్పులున్నారు. 2019 ఏప్రిల్‌లో ఆ పరిమితి 2 పౌండ్లకు దిగింది. మన దేశంలో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ జూదం మీద చట్టం చేసింది. నడిపేవారికి మూడేండ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జుర్మానా. ఆ చట్టం ఆడేవానికి శిక్ష వేయలేదు, నడిపేవాని మీదికే పోయింది. అది నాకు నచ్చిన సంగతి.

అయితే చట్టం మీదనే భారం వేసి కూర్చోలేం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు లేచారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997కల్లా మద్య నిషేధం పోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంటి వాళ్ళం, ఇరుగుపొరుగు వాళ్ళం ఉండేదే ఉంటాం.

మా చర్చిలో కూడా ఒక పని చేశాం. కోతపండుగకు గోడల ఫండు కోసమని లక్కీ డ్రా కూపన్లు అమ్మే అలవాటుండేది. పాపం అని ఎవరమూ అనుకోలేదు, కుక్కరో మిక్సీయో బహుమతి. "బయట వద్దని చెబుతూ లోపల మనమే అదృష్టం అమ్ముతున్నాం" అని నేనే లేచి చెప్పాను. ఇప్పుడు కూపన్లు లేవు, ఇయ్యదలచిన వారు చేతికి ఇస్తున్నారు. ఆ ఏడు వసూలు కొంత తగ్గింది. తగ్గితే తగ్గనీ.

చివరగా, పెన్షనర్లుగా మనం చేయగలిగినవి కొన్ని మనవి చేస్తాను. మన ఫోను రహస్య అంకెలు, ఓ.టి.పి.లు ఎంత ప్రేమగల మనవడికైనా ఇయ్యకండి. అది వాడిని అనుమానించడం కాదు, వాడిని కాపాడడం. నెలకోసారి పాసుబుక్కు రాయించండి. పిల్లల జూదపు అప్పును ఎవరికీ తెలియకుండా ఒక్కసారిగా కట్టేయకండి. రహస్యంగా తీర్చిన అప్పు మళ్ళీ పుడుతుంది. లెక్క మొత్తం కాగితం మీద పెట్టించి, ఇంటిల్లిపాదీ చూసిన తర్వాతనే సాయం చేయండి. ఆవేశంలో ఎవరికీ జమానతు సంతకం చేయకండి. మనసు కుంగి పిల్లలు ఏ అఘాయిత్యానికైనా తలపెడతారని భయమైతే 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడుతారు. గుడికి పోయేవారు గుడిలో, మసీదుకు పోయేవారు మసీదులో, చర్చికి పోయేవారు చర్చిలో ఒక నమ్మకస్తుణ్ణి చూసుకొని చెప్పుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, తప్పు చేసినవానికి గడువు పెట్టండి, తప్పులేదు. గడువు తీరిన రోజును మాత్రం క్యాలెండరు మీద రాసుకోండి. ఆ రోజు పొద్దున్నే వాని ఇంటికి పోయి "రా" అని పిలవండి. వాడు గేటు బయట చెట్టు కింద నిలబడి ఉండవచ్చు.